యాసిడ్, ఫినాయిల్ లేకుండా ఇల్లు శుభ్రపడుతుందా?

నిజాంపేట కోడలు:
మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. కుళాయిల మీద, బాత్రూమ్ టైల్స్ మీద తెల్లటి మరకలు గట్టిగా పేరుకుపోయాయి. పాప పాకే వయసు, అత్తయ్యగారికి ఆయాసం. అందుకే యాసిడ్, ఫినాయిల్ మానేద్దామంటున్నాను. మావారేమో కుంకుడు రసంతో క్రిములు చస్తాయా అని ఒకటే ఎగతాళి. వాడి చూసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
భేషుగ్గా శుభ్రపడుతుందమ్మా. కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసెయ్యి. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, పిసికి వడకట్టు. బకెట్ నీళ్లకి ఒక గ్లాసు రసం చాలు. ఇత్తడికి చింతపండు, ఉప్పు. స్టవ్ చుట్టూ జిడ్డుకి చాకలి సోడా, అదైతే చేతులకి గ్లౌజులు వేసుకుని. మా అమ్మమ్మ గారింట్లో ఫినాయిల్ వాసనే ఎరగం, ఎవరికీ ఏ రోగమూ రాలేదు.

రసాయనం మాస్టారు:
రోగం రాకపోవడానికి కారణం కుంకుడేనని ఎలా చెప్తామండీ? అందులో ఉండే సాపోనిన్లు జిడ్డుని వదిలిస్తాయి, క్రిముల్ని చంపుతాయని నమ్ముకోలేం. అయితే మామూలు రోజుల్లో ఇంటి నేల మీద క్రిముల్ని చంపాల్సిన పని కూడా లేదు, మురికి పోతే చాలు.

నాకు చిరాకు తెప్పించేది ఆ వీడియోలు. వెనిగర్‌లో వంటసోడా కలిపి, పొంగు చూపించి ఆహా అంటారు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకున్నాక మిగిలేది సోడియం ఎసిటేట్ నీళ్లు. విడివిడిగా వాడితేనే రెండింటికీ విలువ.

బోరు మరక ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, పులుపుకి కరుగుతుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి. లీటరు వేడి నీళ్లలో రెండు మూడు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. కానీ తాండూరు, బేతంచెర్ల బండలు, పాలరాయి కూడా ఆ కాల్షియం కార్బొనేటే. వాటి మీద నిమ్మ, వెనిగర్ పడితే మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

గోదారి గట్టు:
మొత్తానికి మీరూ నా వైపే కదా!

రసాయనం మాస్టారు:
సగమే. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బాత్రూమ్‌కి బ్లీచ్ వాడాల్సిందే. దాన్ని మాత్రం టాయిలెట్ క్లీనర్‌తో కలపకండి. చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు కలిపినా అదే ప్రమాదం.

లేబుల్ చూసేవాడు:
సహజమైందల్లా మంచిదనుకోవడం కూడా తప్పే. కర్పూరం చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న వాళ్లెవరినైనా అడగండి. ఇక 'నాచురల్' అని రాసిన ఖరీదైన సీసాలు... ముందు నిమ్మకాయ బొమ్మ, వెనక పదార్థాల జాబితాలో ఒక్క పేరూ అర్థం కాదు.

మల్కాజిగిరి కుర్రాడు:
ఇంతమంది రాశారు, రుద్దేదెవరో ఎవరూ అడగలేదు. మా అమ్మ ఇళ్లలో పని చేస్తుంది. కిటికీ లేని బాత్రూమ్‌లో యాసిడ్ పోసి రుద్దమంటారు. చీర కొంగు ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్తుంది, ఇంటికొచ్చాక రాత్రంతా దగ్గు. 2013లోనే సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. మా వీధిలో ఇప్పటికీ బండి మీద 'యాసిడ్, ఫినాయిల్' అని అరుచుకుంటూ అమ్ముతున్నారు.

ఒకామె ఈ మధ్య అన్నీ మానేసి నాచురల్‌కి మారారు. అమ్మకి దగ్గు తగ్గింది, సంతోషమే. కానీ ఆ ఇంట్లో పని అరగంట పెరిగింది, జీతం మాత్రం అంతే.

రసాయనం మాస్టారు:
దగ్గు విషయంలో మీరన్నది నిజం, బాబూ. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 6,000 మందిని 20 ఏళ్ల పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇల్లు శుభ్రం చేసే ఆడవాళ్లకీ, అదే వృత్తిగా ఉన్నవాళ్లకీ ఊపిరితిత్తుల శక్తి మిగతావాళ్ల కంటే త్వరగా తగ్గింది.

లేబుల్ చూసేవాడు:
అందరూ జీతం పెంచగలరా తమ్ముడూ? మాదీ ఒక్క జీతం ఇల్లే.

మల్కాజిగిరి కుర్రాడు:
పెంచలేకపోతే రోజూ బాత్రూమ్ తళతళలాడాలని అడక్కండి అన్నా. వారానికోసారి చాలదా? లేదా నిమ్మ ఉప్పు గుడ్డ ముందే మీరు చుట్టి పెట్టండి. ఆమె వచ్చేసరికి మరక మెత్తబడి ఉంటుంది.

నిజాంపేట కోడలు:
మా బాత్రూమ్ మామూలు టైల్సే, గుడ్డ చుట్టడం నేనే చేస్తాను. పని ఎక్కువైతే లక్ష్మమ్మతో డబ్బుల సంగతి కూడా మాట్లాడతాను. బాల్కనీలో మాత్రం తాండూరు బండలు. మాస్టారూ, అక్కడ ఏం వాడాలి?

రసాయనం మాస్టారు:
కుంకుడు నీళ్లు పల్చగా కలిపి తుడవండి, తర్వాత మంచినీళ్లతో ఇంకోసారి. నురగ మిగిలితే అత్తగారు జారిపడతారు.