కొత్త ఫ్లాటు ఇంకా చేతికి రాలేదు, పాత ఇంట్లో సగం సామాను కట్టేశాం: తొమ్మిదిమంది ఉన్న కుటుంబానికి సలహా కావాలి

ప్రశ్న (గుంటూరు నుండి ఒక సోదరి):

సభ్యులందరికీ క్రీస్తు నామమున వందనాలు. మా అత్తగారు, మేమిద్దరం, పెళ్ళి కావలసిన మా ఆడపడుచు, మా ఐదుగురు పిల్లలు కలిసి మాది తొమ్మిదిమంది ఉన్న ఇల్లు. మావారు ఉద్యోగరీత్యా నిరుటి నుండి హైదరాబాదులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. అక్కడ మేము కొన్న ఫ్లాటును ఏప్రిల్‌లో అప్పగిస్తామన్న బిల్డరు ఇప్పుడు జూన్ అంటున్నారు, ఆ మాట కూడా గట్టిగా చెప్పడం లేదు. ఏప్రిల్ మాటను నమ్మి మేము సగం సామాను పెట్టెల్లో సర్దేశాం. మంచాలు విప్పి గోడకు చేర్చడం వల్ల పిల్లలు హాలులో చాపల మీద పడుకుంటున్నారు. పప్పుగుత్తి ఏ పెట్టెలో ఉందో తెలియక వారం రోజులుగా గరిటెతోనే పప్పు మెదుపుతున్నాను.

సామాను ఒక్కటే అయితే ఇంత దిగులు ఉండేది కాదు. ఎలాగూ వెళ్ళిపోతున్నాం కదా అని పిల్లలను సండే స్కూలు కార్యక్రమాలలో చేర్చలేదు. మావారు లేకపోవడం వల్ల రాత్రి కుటుంబ ప్రార్థన ఒక రోజు జరిగితే రెండు రోజులు జరగడం లేదు. పెద్దబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరానికి, రెండో అమ్మాయి తొమ్మిదో తరగతికి, మిగిలిన ముగ్గురు ఆరు, మూడు, యూకేజీలకు వెళ్ళాలి. వీరిని ఎక్కడ చేర్చాలో తేలడం లేదు. మా చర్చి సంఘం నుండి సభ్యత్వ బదిలీ లేఖ ఇప్పుడే తీసుకోవాలా, ఈ ఏడాది ఆవకాయ పెట్టాలా వద్దా అన్నవి కూడా అడగవలసి వస్తోంది. మా అత్తగారికి మాత్రం మామయ్యగారి సమాధిని ఎవరు చూసుకుంటారన్నదే బెంగ. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (ఒంగోలు నుండి సికింద్రాబాదుకు మారిన ఒక సభ్యురాలు):

సోదరికి వందనాలు. ముందుగా ఆ మంచాలు తిరిగి బిగించండి. తేదీ తెలియని ప్రయాణానికి ఇల్లు సర్దకూడదని నా గట్టి అభిప్రాయం. లారీ వచ్చే రోజు ఖాయమైన తరువాత, నలుగురు పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో, ఆరేడు రోజుల్లో సర్దడం పూర్తవుతుంది. రేపోమాపో వెళ్ళిపోతామన్నట్టు నెలల తరబడి బతకడమే మనిషిని ఎక్కువ అలసటకు గురిచేస్తుంది.

గదుల వారీగా కాకుండా, ఆ వస్తువు మళ్ళీ ఎప్పుడు అవసరమవుతుందన్న లెక్కన సర్దండి. క్రిస్మస్‌కు బిర్యానీ వండే పెద్ద డేగిశాలు, నక్షత్రాలు, రంగుదీపాలు, దుప్పట్లు, స్వెట్టర్లు, పట్టుచీరలు, పెళ్ళి ఆల్బములు వంటివి పెట్టెల్లోనే ఉండవచ్చు. కుక్కరు, మిక్సీ, ఇడ్లీ రేకులు, పప్పుగుత్తి, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు, అత్తగారి మందులు, బైబిలు, కీర్తనల పుస్తకాలు మాత్రం చివరి రోజు వరకు వాటి చోటనే ఉండాలి. ప్రతి పెట్టెనూ మూసే ముందు లోపలి సామాను కనిపించేలా ఫోనులో ఒక ఫోటో తీసి, పెట్టె మీద వేసిన అంకెను ఆ ఫోటోలో కనిపించేలా పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది. ఇక తొమ్మిదిమందికీ ఒక్కొక్క సంచి చొప్పున వారానికి సరిపడే బట్టలు విడిగా ఉంచితే, కొత్త ఇంట్లో పెట్టెలు విప్పడానికి ఆలస్యమైనా ఎవరికీ ఇబ్బంది కలగదు.

ప్రార్థన విషయంలో మీవారి కోసం ఆగకండి. అత్తగారిని నడిపించమని అడగండి, ఆమెకూ ఒక బాధ్యత ఉన్నట్టు ఉంటుంది. మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు పావుగంట పెట్టుకున్నాం. భోజనం తరువాత అయితే చిన్నవాళ్ళు నిద్రపోతారు. వాక్యం చదివే వంతు పిల్లలకు రోజుకొకరికి ఇచ్చి, ఆదివారం రాత్రి మాత్రం వారి నాన్నగారు వీడియో కాల్‌లో ప్రార్థన చేసేవారు. రోజూ ఫోను పెట్టాలని చూస్తే ఆయన పని వేళలకు, సిగ్నలుకు ముడిపడి అసలుకే మోసం వస్తుంది. మే నెలలో వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిలు బడి) మొదలవుతుంది కాబట్టి పిల్లలను తప్పక పంపండి. మధ్యలో వెళ్ళిపోవలసి వస్తే వెళ్ళిపోతారు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

జవాబు (తెనాలి నుండి విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరు):

అమ్మా, మీ ప్రశ్నలో తొందరగా తేల్చుకోవలసినది తొమ్మిదో తరగతి అమ్మాయి విషయమే. ఇంజనీరింగు, మెడికల్ వంటి సీట్ల భర్తీలో అభ్యర్థి ఏ ప్రాంతానికి స్థానికుడన్నది ప్రధానంగా చదువును బట్టి నిర్ణయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా 4 విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఇంటర్ అర్హతగా ఉన్న కోర్సులకు ఆ నాలుగేళ్ళు 9, 10 తరగతులు, ఇంటర్ రెండేళ్ళు అవుతాయి. రాష్ట్ర విభజన తరువాత పదేళ్ళపాటు నడిచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసినందున ఈ లెక్కకు ఇప్పుడు మరింత బరువు వచ్చింది. మీ అమ్మాయి తొమ్మిదో తరగతి గుంటూరులో చదివి పదికి హైదరాబాదు వెళితే ఆ నాలుగేళ్ళ వరుస తెగుతుంది. అందువల్ల ఇల్లు సిద్ధమైనా కాకపోయినా, ఆమె పేరు మాత్రం పాఠశాలలు తెరిచే జూన్‌లోనే హైదరాబాదు పాఠశాల రిజిస్టరులో ఉండేలా చూడండి. ఆమెతో నాయనమ్మగారో, మేనత్తగారో ముందుగా వెళ్ళి ఉండగలిగితే మంచిది.

పెద్దబ్బాయి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఇంటర్ రెండో సంవత్సరంలో కళాశాల, బోర్డు, రాష్ట్రం మార్చడం తెలివైన పని కాదు. అతడు గుంటూరులోనే హాస్టలులో గానీ బంధువుల ఇంట గానీ ఉండి చదువు ముగించాలి. ఆరు, మూడు, యూకేజీ పిల్లల కోసం ఇంత కంగారు అక్కరలేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు మారేటప్పుడు ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త పాఠశాల ప్రవేశాన్ని నిరాకరించకూడదు. ప్రైవేటు పాఠశాలలలో ఫీజు బకాయి ఉంటే మాత్రం తిప్పుతారు కాబట్టి ముందే చెల్లించి రసీదు తీసుకోండి. రాష్ట్రం మారుతున్నందున కొందరు టీసీ మీద విద్యాధికారి ప్రతిసంతకం కూడా అడుగుతారు. టీసీ చేతికిచ్చేటప్పుడే ఆన్‌లైను నమోదు నుండి పిల్లల పేర్లు విడుదల చేశారా అని అడిగి, ఒక్కొక్కరి పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) రాయించుకోండి. ఈ ఒక్క పని జరగక పిల్లల పేర్లు రెండు పాఠశాలల మధ్య చిక్కుకుపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆధార్‌లో 5 ఏళ్ళు, 15 ఏళ్ళు నిండిన పిల్లలకు వేలిముద్రలు తప్పనిసరిగా నవీకరించాలి. ఆ వయసు దాటినవారు మీ ఇంట ఉంటే ఈ సెలవుల్లోనే ఆ పని ముగించండి. చిరునామా మార్పు తరువాత చూసుకోవచ్చు. ముందు మీవారు మార్చుకుంటే, కుటుంబ పెద్ద అంగీకారంతో మిగిలినవారి చిరునామా మార్చుకునే సదుపాయం 2023 నుండి ఆన్‌లైనులో ఉంది. కుల ధ్రువపత్రాలు కావలసినవారైతే, బీసీ-సి (క్రైస్తవులుగా మారిన ఎస్సీలకు ఇచ్చే) పత్రాలతో సహా, గుంటూరులో ఉండగానే తీసుకోండి.

జవాబు (హైదరాబాదు నుండి, ఒక అపార్టుమెంటు సంఘంలో పనిచేసే సభ్యుడు):

సిస్టర్, బిల్డరు చెప్పే నెలను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఓసీ, అంటే భవనం నివాసానికి తగినదని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిందా లేదా అన్నది ఒక్కటే అడగండి. అది రాకపోతే లిఫ్టు, కరెంటు మీటరు, నీటి కనెక్షను అన్నీ ఈ రోజు రేపు అంటూ సాగుతాయి. ఐదుగురు పిల్లలతో, పెద్దావిడతో అలాంటి భవనంలోకి దిగితే తాళలేరు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం, 2016 ప్రకారం ఓసీ వచ్చిన తరువాత 2 నెలలలోగా కొన్నవారు స్వాధీనం చేసుకోవాలి కాబట్టి మీకు తగినంత వ్యవధి ఉంటుంది. ఒప్పందంలో రాసిన అప్పగింత తేదీ దాటిపోయి, మీరు ఫ్లాటు వదులుకోకుండా ఉంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడిగే హక్కు అదే చట్టంలోని 18వ సెక్షను ఇస్తోంది. తగాదాకు దిగమని నా ఉద్దేశం కాదు. కొత్త తేదీని, ఆలస్యానికి కారణాన్ని ఈమెయిలులో రాతపూర్వకంగా తెప్పించుకుంటే తరువాత పనికి వస్తుంది.

గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు కార్డులు అచ్చు వేయించమని బంధువులు తొందరపెడుతుంటారు. ఓసీ చేతికి రాకుండా తేదీ చెప్పకండి. మీకు ముహూర్తాల పట్టింపు ఉండదు కాబట్టి, గృహప్రవేశాలు జరగని ఆషాఢంలో లారీ మాట్లాడుకుంటే బేరానికి వీలుంటుంది.

అమ్మాయి కోసం ఎలాగూ జూన్‌లో రావాలి గనుక, ఫ్లాటుకు దగ్గరలో కొద్ది నెలలకు చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని అందరూ వచ్చేయడం మేలని నా సలహా.

జవాబు (ఒంగోలు నుండి మారిన సభ్యురాలు):

ఈ చివరి మాటతో నేను ఏకీభవించలేను, బ్రదర్. తొమ్మిదిమంది సామానును రెండుసార్లు ఎక్కించి దింపడమంటే ఖర్చు రెట్టింపు అవుతుంది, విరిగేవి విరుగుతాయి, పిల్లలు కొద్ది నెలల్లో రెండు పరిసరాలకు అలవాటు పడవలసి వస్తుంది. మీవారు గది మార్చి రెండు గదుల చిన్న వాటా తీసుకుని, అమ్మాయి, ఆడపడుచు అక్కడికి వెళితే చాలు. మిగిలినవారు గుంటూరులో మామూలుగా బతకవచ్చు. పాత ఇంటి యజమానితో మాత్రం నెల నెలా పొడిగించుకునేలా ఒక కాగితం రాసుకోండి. నోటిమాట మీద ఉంటే వేరేవారు అడ్వాన్సు ఇచ్చిన రోజున ఇబ్బంది పడతారు.

ప్రశ్న అడిగిన సోదరి:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రే మంచాలు బిగించాం, పప్పుగుత్తి పరుపుల పెట్టెలో దొరికింది. అమ్మాయి, మా ఆడపడుచు ముందుగా వెళ్ళేలా మావారితో మాట్లాడాను. సంఘం సంగతి, సమాధి సంగతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు (గుంటూరు జిల్లా నుండి ఒక సంఘ పెద్ద):

సోదరీ, బదిలీ లేఖకు తొందరపడవద్దు. అక్కడ ఏ సంఘంలో చేరతారో తేల్చుకున్నాక, ఆ సంఘం పేరు మీద రాయించుకోవడమే పద్ధతి. ముందే తీసుకుంటే మీరు ఇక్కడా సభ్యులు కారు, అక్కడా కారు. అప్పటిదాకా చందా ఇక్కడే చెల్లిస్తూ ఉండండి. ఇప్పుడు చేయవలసిన పని వేరే ఉంది. ఐదుగురు పిల్లల బాప్తిస్మ వివరాలు సంఘ రిజిస్టరులో చూసి ధ్రువపత్రాలు తీసుకోండి. రిజిస్టరులో బాప్తిస్మపు పేరు ఒకటి, ఆధార్‌లో బడి పేరు మరొకటి ఉండడం మన ఇళ్ళలో మామూలే. పిల్లలను ఎరిగిన అయ్యగారు (పాస్టరుగారు) ఇక్కడ ఉండగానే రెండు పేర్లూ ఒకరివేనని రాయించుకోవడం తేలిక. మీ ఆడపడుచుకు సంబంధం కుదిరే సూచన ఉంటే ఆమె సభ్యత్వాన్ని మాత్రం ఇక్కడే ఉంచండి. వివాహ ప్రకటనలు ఆమెను ఎరిగిన సంఘంలో చదివితే చిక్కులుండవు. మీరు స్త్రీల సమాజంలో గానీ, సండే స్కూలులో గానీ లెక్కలు చూస్తుంటే వాటిని ఇప్పుడే అప్పగించి, కూడికలకు మాత్రం చివరి ఆదివారం వరకు వెళుతూ ఉండండి.

ఇక అత్తగారి విషయం. సమాధుల తోట కమిటీ దగ్గరకు మీరు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళండి, మీరు ఒక్కరే వెళ్ళి వచ్చి చెబితే ఆమెకు తృప్తి ఉండదు. స్థలానికి చెల్లించిన రసీదు ఉంటే దాని నకలు ఇచ్చి, లేకపోతే రిజిస్టరులో మామయ్యగారి పేరు, తేదీ చూపించి, మీ హైదరాబాదు ఫోను నంబరును అక్కడ రాయించండి. చిరునామా తెలియని కుటుంబాల సమాధులే ఆలనాపాలనా లేక పాడవుతాయి. సున్నం వేయడానికి, గడ్డి పీకడానికి దగ్గరి బంధువు ఒకరికి బాధ్యత అప్పగించి, ఏడాదికి సరిపడే డబ్బు ముందే ఇవ్వండి. ఊరికే చేయించుకుంటే రెండో ఏడు అడగడానికి మొహమాటపడతారు. ఈస్టరు తెల్లవారుజామున తోటకు వెళ్ళడం మీ ఇంటి ఆనవాయితీ అయితే, రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజునే టికెట్లు తీసుకోండి.

పెద్దవారు ఈ బెంగ చెప్పినప్పుడు వారి మనసులో సాధారణంగా మరో ప్రశ్న కూడా ఉంటుంది. భర్త పక్కన తనకు చోటు ఉంటుందా అన్నది ఆమె అడగకపోవచ్చు, మీరే కమిటీని అడగండి. కుటుంబ స్థలంలో మరొకరిని ఉంచే నియమం ఒక్కో తోటలో ఒక్కో విధంగా ఉంటుంది. వీలుందని కమిటీ చెబితే ఆ మాటను కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని ఆమె చేతికే ఇవ్వండి.

జవాబు (విజయవాడ నుండి ఒక సభ్యురాలు):

ఆవకాయ తప్పక పెట్టండి అక్కా, తొలకరి పడితే కాయ దొరకదు. అయితే జాడీలోనే ఉంచి లారీ ఎక్కించకండి. మూడో రోజు తిరగ కలిపి ఊరనిచ్చి, బయలుదేరే ముందు వెడల్పు మూతి ఉన్న గాజు సీసాల్లోకి గానీ, తినుబండారాలకు వాడే గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోకి గానీ మార్చండి. ఉప్పు, పులుపు ఉంటాయి గనుక స్టీలు, అల్యూమినియం పనికిరావు. పైన తేలే నూనెను వంచి వేరే సీసాలో పోసుకుని, చేరిన తరువాత మళ్ళీ పోస్తే కుదుపులకు ఒలకదు. ఖాళీ జాడీలను పాత చీరల్లో చుట్టి మీతోపాటు కారులో తీసుకువెళ్ళండి. కారం మాత్రం ఏడాదికి సరిపడా గుంటూరులోనే పట్టించుకోండి, బియ్యం బస్తాలు మాత్రం ఇక కొత్తవి కొనకండి.

ప్రశ్న అడిగిన సోదరి:

చివరిగా ఒక్క సందేహం. గ్యాసు సిలిండర్లను లారీలో వేసుకు వెళ్ళవచ్చా?

జవాబు (హైదరాబాదు నుండి, అపార్టుమెంటు సంఘ సభ్యుడు):

వద్దు సిస్టర్, సామాను తరలించేవారు కూడా ఒప్పుకోరు. ఊరు మారుతున్నారు కాబట్టి సిలిండర్లు, రెగ్యులేటరు అక్కడి ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ వోచరు రాయించుకోండి. దానిని ఇక్కడి ఏజెన్సీలో చూపి, డిపాజిట్ కట్టి కనెక్షను తీసుకోవచ్చు. స్టవ్ మీతో తెచ్చుకోండి. ఇప్పుడు ముందుగా వచ్చే అమ్మాయికి, మీ ఆడపడుచుకు మాత్రం గుర్తింపు కార్డు చూపితే దొరికే 5 కిలోల చిన్న సిలిండరు సరిపోతుంది. కనెక్షను మీవారి పేరు మీద ఉంటే సిలిండర్లు అప్పగించే రోజున ఆయనే గుంటూరులో ఉండేలా సెలవు చూసుకోండి.