1.5 టన్నుల పికప్ తీసుకుంటున్నా: ఏసీ, పవర్ స్టీరింగ్, కెమెరా, బ్రేకులు... డబ్బు దేనికి పెట్టాలి?

పీలేరు_తోట

అన్నలకి నమస్తే. మాది పీలేరు దగ్గర పల్లె, టమాటా పెడతాం. ఇన్నాళ్లూ బాక్సులన్నీ బాడుగ బండ్లలోనే మదనపల్లి మార్కెట్‌కి పంపిస్తా ఉంటిమి, సీజన్‌లో బండి దొరక్క కోసిన కాయ తోటలోనే మెత్తబడిన రోజులు కూడా ఉన్నాయి, అందుకని ఈసారి సొంతంగా పికప్ తీసుకుందామంటే మా నాయన ఒప్పుకున్నాడు. 1.5 టన్ను లోడ్ రేంజ్ చూస్తున్నాం. నడిపేది నేనే, పక్కన నాయన కూర్చుంటాడు, ఆయనకి మోకాళ్ల నొప్పులు. ఎక్కువగా మదనపల్లి, అప్పుడప్పుడు భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి, రేటు బాగుంటే రాత్రికి రాత్రి చెన్నై కోయంబేడు.

మూడు షోరూంలు తిరిగినా. ఒకరు లోడ్ బండికి ఏసీ ఎందుకు, డీజిల్ దండగ అన్నారు. ఇంకోచోట బ్రేకుల గురించి అడిగితే టచ్ స్క్రీన్ చూపించారు. మూడో ఆయన 2 టన్నుల మోడల్ తీసుకో అని పట్టుకున్నాడు. కింద మోడల్‌కీ పై మోడల్‌కీ ఉన్న తేడా నాకు ఒక కోత డబ్బు. ఏది ఉంటే నిజంగా ప్రాణానికీ ఒంటికీ మేలు, ఏది లేకపోయినా నడుస్తుంది, రోజూ నడిపేవాళ్లు చెప్పండి.

ఘాట్_బండి

తమ్ముడూ నువ్వు చెప్పిన రోడ్డులోనే 16 ఏళ్లుగా తోలుతున్నా కాబట్టి చెప్తున్నా, మొదట బ్రేకు చూసుకో, మిగతాదంతా తర్వాత. షోరూం వాళ్లు ఖాళీ బండి ఇచ్చి మెయిన్ రోడ్డులో అర కిలోమీటరు తిప్పుకు రమ్మంటారు, పొడి రోడ్డు మీద ఖాళీ బండి ఏదైనా ఆగుతుంది. నీ బండి బతుకంతా లోడుతో.

నాకు జరిగింది చెప్తా. ఒక వానాకాలం రాత్రి ఫుల్ లోడుతో తిరుపతి వైపు ఘాట్ దిగుతున్నా, ముందు లారీ పోతా ఉంటే దాని వెనకే బ్రేకు తొక్కుతా తొక్కుతా దిగినా, గేరు తగ్గించాలని తెలిసి కూడా తగ్గించలేదు. నాలుగైదు మలుపులు దాటినాక కాలిన వాసన వచ్చింది, ఆ తర్వాత పెడల్ మెత్తబడి సగం పైన లోపలికి పోయింది, బండి మాత్రం ఆగడం లేదు. మూడులో నుంచి రెండులోకి కొట్టి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతా, కొండ వైపు కాలవలోకి దించి రాయికి రుద్ది ఆపినా. వెనక డోరు ఊడి బాక్సులు రోడ్డు మీద పడినాయి. బ్రేకు కాలిన వాసన, చితికిన కాయ వాసన రెండూ కలిసి ఎట్లా ఉంటాయో నాకు ఈ రోజుకీ గుర్తే. పక్కన మా బావమరిది ఉండె, వాడికి బెల్టు ఉంది కాబట్టి తల అద్దానికి తగల్లేదు.

నీకు నాయన పక్కన కూర్చుంటాడు కదా, ఆయన సీటుకి మూడు పాయింట్ల బెల్టు ఉందా, తల వెనక ఆనించుకునేది ఉందా, ఎక్కేటప్పుడు పట్టుకోడానికి పిడి ఉందా చూడు. మధ్య సీటులో చాలా బండ్లకి నడుము బెల్టు ఒకటే ఉంటుంది, అక్కడ ఆయన్ని కూర్చోబెట్టొద్దు.

నల్గొండ_పాలబండి

ఏసీ దండగ అన్నాయన ఎప్పుడు పొద్దుగాల 2 గంటలకు లేసి బండి నడిపిండో లేదో. నేను పాల క్యాన్లు తీస్కొని హైదరాబాద్ పోత, రోజు విడిచి రోజు కాదు, రోజూ. నా పాత బండి ఇంజన్ సీటు కింద ఉండె, ఎండాకాలం పగటిపూట వాపస్ వచ్చేటప్పుడు తొడలు ఉడికినట్టు అయితుండె, ఇల్లు చేరేసరికి మనిషికి సోయి ఉండకపోతుండె. ఒకరోజు చౌటుప్పల్ దాటినంక కన్ను మూత పడ్డది, బండి డివైడర్ పక్క రాళ్ల మీదికెక్కి గజ్జున ఊగితే మెలకువ వచ్చింది. గప్పుడే అనుకున్న, ఇంకో బండి తీస్కుంటే ఏసీదే తీస్కుంట అని.

ఇంకోటి ఎవరూ చెప్పరు. వానకాలం రాత్రి కిటికీలు ఎక్కిస్తే లోపల అద్దం మీద మసక కమ్ముతది, గుడ్డతోటి తుడుస్త ఒక చేత్తోటి నడుపుడు ఎంత డేంజరో నీకు తెల్సు. ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పితే నిమిషంల పోతది. నాకైతే ఏసీ సౌకర్యం లెక్కల కన్నా సేఫ్టీ లెక్కలనే వస్తది.

సర్కారు గూడ 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేసింది, కాకపోతే అది 3.5 టన్నుల పైన బరువుండే వాటికి, మొత్తం బండి బరువు లోడుతోటి కలిపి. మన చిన్న పికప్‌లు అందులకు రావు, మనమే అడిగి తీస్కోవాలె.

పీలేరు_తోట

అద్దం సంగతి నిజంగా నాకు తట్టనేలేదు అన్నా. డీజిల్ ఎంత తేడా వస్తుంది మీకు?

నల్గొండ_పాలబండి

తేడా అయితే వస్తది, ఎక్కుడు రోడ్డు మీద లోడుంటే బండి కొంచెం ఈడ్చినట్టు గూడ అనిపిస్తది, గక్కడ నేను బంద్ చేస్త, ఎక్కినంక మళ్ల వేస్త. నేను లెక్క రాస్త, నెలకు నాకు పడేది రెండు పూటల డీజిల్ కన్నా తక్కువనే.

గుంటూరు_షెడ్

షెడ్ నడుపుతున్నా, వారంలో నాలుగైదు పికప్‌లు బ్రేకు కంప్లైంట్‌తో వస్తాయి. పైన ఘాట్_బండి గారికి పెడల్ మెత్తబడింది అంటే బ్రేక్ ఆయిల్ పాతది అయ్యుండొచ్చు, ఆ ఆయిల్ గాల్లో తేమని లాక్కుంటది, పాతబడేకొద్దీ తొందరగా మరుగుద్ది, మరిగితే పైపులో ఆవిరి బుడగలు, కాలు పెట్టినా ప్రెషర్ చక్రం దాకా పోదు. రెండేళ్లకి ఒకసారి మార్పించండి, బండి తిరిగినా తిరక్కపోయినా.

అసలు చెప్పాల్సింది ఇంకొకటి. చాలా పికప్‌లకి వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ అని ఉంటది, మా దగ్గర లోడ్ వాల్వ్ అంటాం. చాసిస్‌కి వాల్వ్, దాన్నుంచి ఒక రాడ్డో స్ప్రింగో యాక్సిల్‌కి తగిలించి ఉంటది. లోడ్ పడి కమాన్ కట్టలు (యాక్సిల్ మీద బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) వంగితే ఆ రాడ్డు కదిలి వెనక బ్రేకుకి ప్రెషర్ పెంచుద్ది, ఖాళీగా ఉంటే తగ్గించుద్ది, లేకపోతే వానలో ఖాళీ బండి బ్రేకు కొట్టగానే వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుద్ది. ఇప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు, కొత్త బండి రాగానే ఎక్కువ లోడ్ వేసుకోవచ్చని కట్టల్లో ఇంకో రెండు పట్టీలు వేయిస్తారు. కట్టలు గట్టిపడ్డాయి, టన్నున్నర వేసినా వంగవు, వాల్వ్ ఏమో బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తది, భారమంతా ముందు డిస్కుల మీద. అప్పుడు ఘాట్ దిగితే ముందు బ్రేకులే కాలతాయి. పోయిన నెల ఒక బండి వస్తే ఆ రాడ్డు ఊడిపోయి తీగతో కట్టేసి ఉంది, ఓనరుకి అదేంటో కూడా తెలియదు, ఆయన తప్పు కూడా కాదు, ఎవరూ చెప్పలేదు.

కాబట్టి పీలేరు తమ్ముడూ, పట్టీలు వేయించే ఆలోచన ఉంటే మానెయ్. నీ లోడ్ నిజంగా 1.5 దాటుద్ది అనుకుంటే ఆ మూడో షోరూం ఆయన చెప్పిన పెద్ద మోడలే కరెక్ట్. ఓవర్‌లోడ్ ఫైన్ కూడా 2019 చట్టం ప్రకారం 20 వేలు, పైన ప్రతి టన్నుకీ 2 వేలు.

ఘాట్_బండి

గుంటూరు అన్న చెప్పింది చదివి ఇప్పుడే బండి కిందికి దూరి చూసినా. నా బండికీ రెండు పట్టీలు ఎక్కువ ఉన్నాయి, పాత ఓనరు వేయించినవి. ఇన్నేళ్లూ ఆ రాత్రి తప్పంతా నా కాలిదే అనుకున్నా. రేపే తీయిస్తా.

పాడేరు_రోడ్డు

నాది ఇసుజు వీ-క్రాస్, మన శ్రీసిటీలోనే తయారయ్యేది, తెల్ల బోర్డు. ఎయిర్‌బ్యాగులు, బండి జారి అడ్డం తిరగకుండా చూసే ఈఎస్‌సీ, ఘాట్‌లో బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటూ దిగే హిల్ డిసెంట్ అన్నీ ఉన్నాయి, టయోటా హైలక్స్‌లో అయితే 7 ఎయిర్‌బ్యాగులు. కానీ రేటు చూస్తే నీ పనికి ఇవి కావు, టమాటాకి అసలే కావు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ రూల్ 2019 జులైలో వచ్చింది కార్లకి, సరుకు బండ్లకి కాదు, అందుకే నీ రేంజ్‌లో బ్యాగ్ కోసం వెతికేకంటే బెల్టు, సీటు, టైర్లు చూసుకోవడం మేలు. ఒక్కటి మాత్రం నా అనుభవంతో చెప్తాను, హిల్ డిసెంట్ ఉన్నా నేను ఇప్పటికీ ఎక్కిన గేరులోనే దిగుతాను. డీజిల్ మిగుల్చుకోవడానికి న్యూట్రల్ వేయడం, ఇంజన్ ఆపేయడం దయచేసి ఎవరూ చేయొద్దు, ఇంజన్ ఆగితే బ్రేకుకి బలం ఇచ్చే బూస్టర్‌కి వాక్యూమ్ ఉండదు, రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అయితే అదీ బిగుసుకుపోతుంది.

డల్లాస్_కాకినాడ

నేను లోడ్ బండి నడపను కానీ మా ఇంట్లో పికప్ ఉంది, ఇక్కడ పెద్ద ట్రక్కులు మామూలే. 2018 మే నుంచి ఇక్కడ అమ్మే కొత్త కార్లకీ, ఇలాంటి పికప్‌లకీ వెనక కెమెరా తప్పనిసరి, ఎందుకంటే రివర్స్‌లో బండి వెనకున్న చిన్నపిల్లలు డ్రైవర్‌కి కనపడరు, చనిపోయినవాళ్లలో చాలామంది ఇంటి ముందు సొంతవాళ్ల బండి కిందే.

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా తమ్ముడి పికప్ వెనక మా పాపని, వాడి కొడుకుని నిలబెట్టి నేను డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. వెనక డోరు ఎత్తి ఉంది. మా పాపకి నాలుగేళ్లు. సైడు అద్దాల్లో లేదు, వెనక చిన్న అద్దంలో లేదు, నాలుగైదు అడుగులు వెనక్కి జరగమంటే కూడా కనపడలేదు, చాలా దూరం వెళ్లాక జుట్టు కనిపించింది. తమ్ముడిని కూర్చోబెట్టి చూపించాను, వాడు ఏం మాట్లాడలేదు, మర్నాడు పొద్దున్నే వెళ్లి కెమెరా పెట్టించుకొచ్చాడు. కంపెనీది అక్కర్లేదు, బయట పెట్టించుకున్నా చాలు. టచ్ స్క్రీన్ పాటలకైతే వద్దు గానీ కెమెరా కోసమైతే వద్దనకండి.

మిర్చియార్డ్_బాబాయ్

అందరూ ముందు కూర్చునేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు బాబూ. మన పల్లెల్లో పికప్ కొంటే పొద్దున్నే వెనక ఎక్కేది కూలీలు. మిరప కోతలప్పుడు మా పిన్ని వెనక నిలబడి వస్తూ స్పీడ్ బ్రేకర్ దగ్గర పడింది, తుంటి విరిగి రెండేళ్లు మంచంలోనే ఉంది. సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించడం చట్టానికీ విరుద్ధమే, జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా నిలబడలేం. నిజంగా మనుషుల్ని తీసుకెళ్లే అవసరం రోజూ ఉంటే బొలెరో క్యాంపర్ లాంటి రెండు వరసల సీట్ల బండి చూడండి, లోడు తగ్గుతుంది, తగ్గనీండి. లేదంటే ఆటోకి డబ్బులిచ్చి పంపండి. వెనక బాడీలో నిలబడే మనిషికి ఏ ఫీచరూ లేదు.

పీలేరు_తోట

బాబాయ్ మీరు చెప్పింది నాయనకి చదివి వినిపించినా. మా కోత కూలీలు మొత్తం ఆడవాళ్లే, పక్క ఊరి నుంచి వస్తారు. ఆటో మాట్లాడతా అన్నాడు.

నిన్న ఘాట్_బండి అన్న మదనపల్లి యార్డులో లోడుతో ఉన్న రెండు బండ్లు ఎక్కించి చూపించినాడు, ఒకటి పవర్ స్టీరింగ్ లేని పాతది. ఆ ఇరుకులో రివర్స్ తీసి ప్లాట్‌ఫారానికి పెట్టేసరికి నా భుజాలు పట్టేసినాయి, పవర్ స్టీరింగ్ బండి ఒక చేత్తో తిరిగింది. నాయన రెండు బండ్లూ ఎక్కి దిగి చూసినాడు, ఎత్తు తక్కువుండి పిడి ఉన్నదాంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కినాడు. అది చూసినాక నాకు ఇంకేం ఆలోచన లేదు.

బుక్ చేసింది: పవర్ స్టీరింగ్, ఏసీ ఉన్న 1.5 టన్ను. స్క్రీన్, అలాయ్, స్టిక్కర్ల ప్యాకేజీ వద్దన్నా, ఆ డబ్బులో కెమెరా, ఇంకో మంచి స్టెప్నీ. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వెనక డోరుకే కాకుండా డోరు దించినా కనపడేట్టు కింద కూడా వేయిస్తా. పట్టీలు ముట్టుకోను.

గుంటూరు అన్నా ఒక డౌట్, బండి వచ్చే వారం బాడీ కట్టే షెడ్‌కి పోతుంది, కెమెరా వైరు బాడీ కట్టకముందే లాగించాలా, తర్వాతనా?

గుంటూరు_షెడ్

ముందే లాగించు, వెల్డింగ్ అయ్యాక అయితే చాసిస్ బయట వేలాడదీస్తారు, మొదటి వానకే పోద్ది. ఫ్లెక్సిబుల్ పైపులో వేసి చాసిస్ లోపలి వైపు నుంచి తెప్పించు, సైలెన్సర్ వైపు వద్దు. వెల్డింగ్ చేసే రోజు బ్యాటరీ టెర్మినల్ తీయమను, కెమెరా అప్పుడే బిగించొద్దు, వైరు చివర టేపు చుట్టి వదిలెయ్. బాడీ అయ్యాక డోరు మీద కాదు, డోరు కింద అడ్డ కడ్డీకి బిగించు. డోరు మీద పెడితే అది దించినప్పుడు కెమెరాకి నేల తప్ప ఏం కనపడదు.