వాయివాయి జనాన్ని మిషన్ కాపాడిందా, కరిగించేసిందా?

ఏటిగట్టు_రాజు:
నిన్న మా వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ, అక్కడ తేల్లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. గయానా దేశం దక్షిణపు కొసలో, ఎస్సెక్విబో నది పుట్టే చోట, వాయివాయి అనే గిరిజనులు ఉన్నారు. కొండ దాటితే బ్రెజిల్, అక్కడ మాపుయెరా నది వెంట వీళ్ళ వాళ్ళే ఇంకా ఎక్కువమంది. 1949-50 ప్రాంతంలో అమెరికాలోని టెక్సస్ నుంచి హాకిన్స్ అన్నదమ్ములు మిషనరీలుగా వెళ్ళారు, ఓ పదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళకు ఊళ్ళే క్రైస్తవంలోకి వచ్చేశాయి. గ్రూపులో ఒకాయన "వాళ్ళు వెళ్ళకపోతే ఆ జాతే మిగిలేది కాదు" అన్నాడు. ఇంకొకాయన "దేవుణ్ణీ మంత్రాన్నీ ఆటపాటల్నీ తీసేశాక ఇక మిగిలిందెవరు" అన్నాడు. మీరేమంటారు? మన దగ్గరి మతం గొడవలు మాత్రం ఇక్కడికి లాక్కురావద్దు, దండం పెడతా.

శారద_కె:
మొదటాయన చెప్పిందే నాకు సబబుగా ఉంది. మిషన్ వెళ్ళేనాటికి వాళ్ళు చాలా కొద్దిమందే. జలుబు, దగ్గు లాంటివి బయటినుంచి వచ్చి ఊళ్ళు ఖాళీ చేస్తున్నాయి. దానికి తోడు ఎవరు పోయినా చేతబడి వల్లే పోయారని నమ్మకం, చేసిందెవరో తేల్చి పగ తీర్చుకోవాలి, మళ్ళీ అవతలి వాళ్ళు తీర్చుకోవాలి. ఇప్పుడు రెండు దేశాల్లో కలిపి రెండు వేలకు పైనే ఉన్నారు. సంస్కృతి గురించి మాట్లాడాలంటే ముందు మనిషి బతికుండాలి కదండీ.

అడవిబాట:
శారద గారూ, ఆ లెక్క అంత తేలిగ్గా ఒప్పుకోలేను. ఇప్పుడు వాయివాయి అని పిలిచేవాళ్ళలో షెరెవ్, మవయానా, కతువేనా ఇలా వేరే వేరే జనాలున్నారు. అందరినీ ఒక మిషన్ ఊరికి చేర్చాక అందరూ కలిపి వాయివాయి అయ్యారు. కాబట్టి పెరిగినదంతా పుట్టుకల వల్లే కాదు. బతికించినవి మందులు. ఆ మందులివ్వడానికి బైబిలు చేతబట్టుకునే వెళ్ళాలా? ఇంకోటి, చిన్న చిన్న గుంపులుగా తిరిగే జనాన్ని ఒకేచోట కూర్చోబెడితే చుట్టుపక్కల వేట అయిపోతుంది, ఆ తర్వాత ఉప్పుకీ తూటాలకీ బయటివాడి మొహం చూడాల్సిందే. మన పాపికొండల్లో కొండరెడ్లను 1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చూసినప్పుడు కలప వ్యాపారులు ఎలా పిండుతున్నారో రాశాడు. వచ్చినవాడు వ్యాపారి అయితే ఏంటి, పాస్టర్ అయితే ఏంటి, అడవిలోవాడికి అప్పు మాత్రం తప్పదు. (రాజు గారు వద్దన్నా మన ఊరు తెచ్చాను, మతం కాదులెండి.)

శారద_కె:
"మందులు చాలు" అంటున్నారు, బాగానే ఉంది, ఇచ్చేదెవరు? ఆ నది పొడుగునా జలపాతాలే, పడవలో వారాల ప్రయాణం. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ఆసుపత్రి కట్టిందా? ఎవరూ వెళ్ళని చోటికి వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, దానికి రాత కుదిర్చి, ఏళ్ళ తరబడి ఉండిపోయిన వాళ్ళు వీళ్ళే. ఉద్దేశం మీకు నచ్చకపోవచ్చు.

డెమెరారా_డాక్టరు:
నేను గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో మెడిసిన్ చదువుతున్నా. సంస్కృతి పోయింది అనేవాళ్ళు ఇక్కడి ఉమానా యానా ఒకసారి చూడాలి. 1972లో అలీన దేశాల విదేశాంగ మంత్రుల సమావేశానికి ప్రభుత్వం వాయివాయి వాళ్ళను పిలిపించి కట్టించిన పెద్ద శంకు ఆకారపు కప్పు, యాభై అడుగులు దాటిన ఎత్తు. ఒక్క మేకు లేదు. లోపల నిలబడి తల పైకెత్తితే, ముదురు రంగు దుంగలు కింద నుంచి మొనదాకా దగ్గరవుతూ పోతాయి, ప్రతి ముడీ అడవి తీగతో కట్టిందే, దాని మీద వరసలు వరసలుగా తాటి జాతి ఆకు. 2014లో కాలిపోతే మళ్ళీ వాళ్ళ చేతులే కట్టాయి. కట్టిన తరం అప్పటికే క్రైస్తవులు! ఇంకో తమాషా, ఇంచుమించు అదే కాలంలో అదే ప్రభుత్వం మిషనరీలను పంపించేసింది. 1969లో దక్షిణాన రుపునుని ప్రాంతంలో పశువుల ఆసాములు ప్రభుత్వం మీద తిరగబడ్డాక సరిహద్దులో ఉన్న తెల్లవాళ్ళంటే ప్రభుత్వానికి అనుమానం. దాంతో వాయివాయిల్లో చాలామంది సామాన్లు సర్దుకుని కొండ దాటి బ్రెజిల్ వెళ్ళిపోయారు. ఇటు రాజధానిలో మీ విద్య గొప్ప అని చూపించుకోవడం, అటు ఊరు ఖాళీ!

పాతపేజీలు:
ఇంత చర్చలో ఎవ్కా పేరే రాలేదేంటి? మొత్తం కథ ఆయన చుట్టూ తిరుగుతుంది. కుర్ర వయసులోనే ఊరి పెద్ద, పైగా మంత్రగాడు. అడవిపంది ఆత్మలు ఆయనకు తోడు, అందుకని పంది మాంసం ఆయన ముట్టకూడదు, ముడితే చస్తాడు, ఇది ఊరందరి నమ్మకం, ఆయన నమ్మకం కూడా. 1950ల మధ్యలో ఆయన ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడి, మంత్రపు సామగ్రి పెట్టుకునే బుట్టను హాకిన్స్ చేతికి ఇచ్చేసి, అందరూ చూస్తుండగా పంది మాంసం తిన్నాడు. ఊరు ఊరంతా ఇవాళ పోతాడా రేపు పోతాడా అని చూసింది. పోలేదు. ఆ తర్వాతే జనం కదిలారు.

నేను చెప్పేదేంటంటే, శారద గారూ, అడవిబాట గారూ, మీరిద్దరూ వాయివాయి వాళ్ళని చేయించుకునేవాళ్ళుగానే చూస్తున్నారు. ఒకరు కాపాడారు అంటారు, ఒకరు కరిగించారు అంటారు, రెంటిలోనూ కర్త తెల్లవాడే. వాళ్ళు అలా కూర్చోలేదు. మతం తీసుకుని తమకు నచ్చినట్టు మలుచుకున్నారు. క్రిస్మస్, ఈస్టర్ వస్తే మగవాళ్ళు కట్టకట్టుకుని రోజుల తరబడి వేటకు పోతారు, ఆడవాళ్ళు చేదు కర్రపెండలం తురిమి, అల్లిన గొట్టంలో వేసి, విషపు రసం పిండి రొట్టెలు కాలుస్తారు, తిరిగొచ్చిన వేటగాళ్ళకు ఊరంతా ఎదురెళ్తుంది, ఆటలు, వేషాలు. పరాయి తెగవాళ్ళు చుట్టపుచూపుగా వచ్చినట్టు వేషం కట్టి నవ్వించడం ఒక ముఖ్యమైన వినోదం. ఇది టెక్సస్ నుంచి వచ్చిందంటారా?

అడవిబాట:
పాతపేజీలు గారూ, ఒప్పుకుంటా, కానీ కర్తలు అన్నాక బాధ్యత కూడా వాళ్ళదే అవుతుంది. ఈ వాయివాయి వాళ్ళే 1950ల నుంచి అడవిలో దాక్కున్న తెగల్ని వెతుక్కుంటూ వెళ్ళారు. సురినామ్‌లో త్రియో దగ్గరికి, బ్రెజిల్‌లో వయమిరి, కరఫవ్యానా వైపుకి. ఒంటరిగా ఉన్న జనానికి మన తుమ్ము చాలు. 2018లో అండమాన్‌లోని సెంటినెల్ దీవికి మతం చెప్పడానికి వెళ్ళిన ఆ అమెరికా కుర్రాడిని అందరం తిట్టాం కదా. ఇదే పని గిరిజనుడు చేస్తే ఒప్పా?

పాతపేజీలు:
రెండూ ఒకటి కాదండీ. ఆ కుర్రాడు ఎక్కడివాడో, వీళ్ళు పొరుగువాళ్ళు. మిషన్ రాకముందు నుంచీ వీళ్ళకి ఎక్కడో ఉన్న తెగల్ని వెతికి, కర్రపెండలం తురుముపీటలు, కుక్కలు మార్చుకుని, చుట్టరికాలు కలుపుకోవడం అలవాటు. కొత్తమతం ఆ పాతబాట మీదే నడిచింది. భాష కొంత దగ్గర, దారి తెలుసు, తిండి ఒకటే.

అడవిబాట:
దారి తెలిసినంత మాత్రాన క్రిములు ఆగుతాయా? బ్రెజిల్ 1987లో ఒంటరి తెగల జోలికి వెళ్ళకూడదని విధానం మార్చింది, అది చావుల్ని చూసి చూసి మార్చింది. తెల్ల మిషనరీకి ఒక రూలు, పొరుగు గిరిజనుడికి ఇంకో రూలు అంటే కుదరదు.

శారద_కె:
ఈ ఒక్క విషయంలో అడవిబాట గారి వైపు నేను. టీకాలు లేకుండా, వైద్యుడు వెంట లేకుండా ఎవరూ వెళ్ళకూడదు, వెళ్ళేది మన బంధువే అయినా సరే.

డెమెరారా_డాక్టరు:
ఇక్కడివైపు సంగతి కూడా చెప్తా. గయానాలో మిగిలినవాళ్ళు రెండు వందల చిల్లర, మసకెనారి అనే ఊళ్ళో. 2004లో ఆరు లక్షల హెక్టార్లు దాటిన అడవికి పట్టా వచ్చింది, 2007లో దాన్ని తామే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు, 2017లో దేశపు రక్షిత ప్రాంతాల్లో చేర్చారు. ఆదివారం చర్చికి వెళ్తారు, సోమవారం అడవి కాపలాకి వెళ్తారు. రాజు గారూ, మీ ప్రశ్నలో "ఇక మిగిలిందెవరు" అన్నారే, పట్టా మీద పేరున్నవాళ్ళు.

ఏటిగట్టు_రాజు:
అది నా మాట కాదండీ బాబూ, గ్రూపులో ఆయన మాట! ఆ తురుముపీట ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.