తిరుపతి చుట్టూ చెరువు కింద పొలాలను ప్లాట్లు కానివ్వకుండా ఆపాలా?

వంకగట్టు: చంద్రగిరి వైపు మా చెరువు ఆయకట్టులో లేఅవుట్ పడుతోంది. వంకకు అడ్డంగా గ్రావెల్ తోలేశారు. 2021 నవంబరు వానలకు లక్ష్మీపురం సర్కిల్ ఎలా మునిగిందో, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఎలా ఖాళీ చేయించారో అందరం చూశాం. ఇన్ని కళ్లారా చూశాక కూడా మాగాణిలో ఇళ్లకు అనుమతి ఇవ్వడం తప్పు.

మామిడితోట: వంక పూడ్చడం తప్పే, కాదనను. కానీ పొలం అమ్ముకోవద్దనడానికి మీరెవరు? 2025లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందన్నారు. మేం గేటు బయట ట్రాక్టర్లు పెట్టుకుని కాచుకున్నాం. అడుగున ఉన్న కాయ నలిగి, తొట్టి సందుల్లోంచి రసం రోడ్డు మీదికి కారింది. ఆ రోజు ఏ పర్యావరణ ప్రేమికుడూ రాలేదు.

తుడా_ప్లాటు: రూల్ ప్రకారం లేఅవుట్లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి కదా. ఇంకేం కావాలి?

వంకగట్టు: ఆ 10 శాతం ఎక్కడుందో చూపించండి. మా పక్క లేఅవుట్లో పార్కు స్థలంలో ట్రాన్స్‌ఫార్మర్, వాటర్ ట్యాంకు ఉన్నాయి. మిగిలిన చోట ఎవరిదో రేకుల షెడ్డు.

తుడా_ప్లాటు: ఆ పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకి అప్పగించి ఉంటే ఆ షెడ్డును తీయించవచ్చు. డీడ్ ఉందా లేదా?

వంకగట్టు: డీడ్ ఉన్నా, నీళ్లు ఇంకేది షెడ్డు కింద కాదు.

తుడా_ప్లాటు: నేనడిగింది డీడ్ గురించి.

కౌలు_కయ్య: అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, ఆపేవాళ్లు అందరూ మాట్లాడుతున్నారు. కౌలుకు చేసేవాళ్ల ఊసే లేదు. నేను చేస్తున్న కయ్యలో ఒక ఉదయానికి సర్వే రాళ్లు పాతేశారు.

రేణిగుంట_రోడ్డు: ప్లాట్లయినా ఇళ్లవుతున్నాయా? మా వైపు పదేళ్లుగా రాళ్ల మధ్య కంపచెట్లే. పంటా లేదు, ఇల్లూ లేదు. ఎకరా ముక్కలై పదిమంది చేతుల్లోకి పోయాక దాన్ని మళ్లీ ఎవరు దున్నుతారు? దూరంగా కట్టుకున్న ఆ నాలుగు ఇళ్లకూ రోడ్డు, నీళ్లు, వీధిలైట్లు వేయాలి. ఆ ఖర్చు ప్లాటు ధరలో ఉండదు, మన పన్నుల్లోంచి పోతుంది.

మామిడితోట: వంకగట్టు అన్నా, ఒకటి సూటిగా అడుగుతున్నా. మీ ఇల్లు ఎవరి పొలంలో ఉంది? మీరు కట్టుకున్నాక తలుపు వేసేస్తారా? మా పొలం పచ్చగా ఉంటే గాలి మీకు, భూగర్భ జలం మీకు, నష్టం మాత్రం మాకు. దానికి ఎవరు డబ్బు కడతారు?

వంకగట్టు: నా ఇల్లు కూడా ఒకప్పటి పొలమే, దాచేదేముంది. డబ్బు కట్టాల్సింది ఊరే, అందులో నేనూ ఉన్నా. అమెరికాలో సఫోక్ కౌంటీ 1970ల నుంచి రైతు దగ్గర కట్టడాల హక్కు మాత్రం కొంటోంది. పొలం రైతుదే, సాగూ రైతుదే. మన తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్లకు స్థలం ఇచ్చినవాళ్లకు టీడీఆర్ బాండ్లు ఇచ్చారు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, కావాలంటే అమ్ముకోవచ్చు. చెరువు కింద పొలాన్ని అలాగే ఉంచే రైతుకు ఎందుకివ్వరు?

మామిడితోట: బాండు అమ్ముడయ్యేదాకా తినేదేంటి? నా అసలు బాధ వేరే ఉంది. నాకు అమ్మాలని లేదు. మా అన్న బెంగళూరులో ఉంటాడు, తన వాటా ప్లాటు రేటుకు లెక్కగట్టి ఇమ్మంటున్నాడు. వరి, మామిడి పండించి ఆ రేటు చెల్లించడం ఈ జన్మలో అయ్యే పని కాదు. సగం అమ్మితేనే సగం నిలుస్తుంది. మీరు ఆపితే మొత్తం కోర్టుకు పోతుంది.

కౌలు_కయ్య: పొలం కొని సాగు చేద్దామన్నా అదే రేటు.

వంకగట్టు: నగదుగా ఇస్తే, మీ అన్న వాటా తీరేంత ఇస్తే ఆపుకుంటారా?

మామిడితోట: ఇస్తే అప్పుడు మాట్లాడదాం. ముందు వంకలో గ్రావెల్ తీయించమని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతా. పొలం అమ్మకం మాత్రం ఆగదు.

తుడా_ప్లాటు: డీడ్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.