సమస్య: "ఒక్క యోటు లేక యొడ్డు చేరె"

నిర్వాహకుడు:
ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రలవి), ఒ–యొలకు, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ, స్వరయతి (అచ్చుల కలయిక). పాదం అచ్చుతో మొదలవుతుంది కాబట్టి మూడో పాదం చివర విసంధి (సంధి కలపలేదు) అంటూ ఎవరూ కర్రలు తీయకండి, ఆ పాపం నాది. విషయం ఎన్నికలు. ఓటు లేకుండా గట్టెక్కేది ఎవరు, ఎలా? పద్యంలో పార్టీల పేర్లు, నాయకుల పేర్లు వద్దు.

లెక్కల మాస్టారు:
ఎదుట నిలుచు వార లెల్లరు తొలగంగ
బరిని మిగిలె నొకడు భాగ్యశాలి
బూతు తెరువకుండ బుట్టలో పడె సీటు
ఒక్క యోటు లేక యొడ్డు చేరె

నిర్వాహకుడు:
శుభారంభం మాస్టారూ. "బూతు" మీద శ్లేష నవ్వించింది. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో జరిగింది ఇదే. కొందరి నామినేషన్లు తిరస్కరించారు, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, ఇక పోలింగే లేదు. ఎవరూ నచ్చలేదని చెప్పడానికి నోటా మీట కూడా అక్కడి ఓటరుకు దక్కలేదు. అది సరే, ఈ "భాగ్యశాలి" యతి కోసం వచ్చినట్టున్నాడే?

లెక్కల మాస్టారు:
యతి కోసమే వచ్చాడు. వచ్చాక కుర్చీ వదలడం లేదు.

పల్లెటూరి కోడలు:
వేలపాట పెట్టి వేడుకగా నూర
గుడికి సొమ్ము కట్టి గద్దె నెక్కె
చేతిసంచి బరువె చెప్పెను తీర్పును
ఒక్క యోటు లేక యొడ్డు చేరె

నిర్వాహకుడు:
అమ్మా, సర్పంచి పదవి వేలంపాట పట్టుకున్నారు, భేష్. మూడో పాదం నాకు బాగా నచ్చింది. రెండో పాదంలో మాత్రం గు–గ యతి చెల్లదు. హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఇంకొకటి, గద్దె నెక్కింది ఎవరు? పద్యంలో కర్త కనబడటం లేదు.

పల్లెటూరి కోడలు:
అలాగేనండీ. "గుడికి సొమ్ము కట్టె కొత్త పెద్ద" అంటే రెండూ తీరతాయా? కర్త కనబడకపోవడానికి ఓ కారణం ఉంది. మా ఊళ్లో ఆ ఏడు సీటు ఆడవాళ్లకు వచ్చింది. రచ్చబండ దగ్గర పాట పాడింది భర్త, పదవి భార్యకు. ఆమె ఆ చుట్టుపక్కలకే రాలేదు. మర్నాడు ఒకే నామినేషన్ పడింది, ఊరంతా ఏకగ్రీవం అన్నారు. నేను ఇంట్లో అంట్లు తోముకుంటూ విన్నాను.

నిర్వాహకుడు:
గు–కొ చెల్లుతుంది. సవరణ బాగుంది. ఆ భర్తగారి మీద ఇంకో పద్యం బాకీ ఉన్నారు.

రిటైరైన గుమాస్తా:
గుర్తు చూసి జనులు గుద్దిరి యొకరికి
గెలిచి యతడు గోడ గెంతినాడు
మునుగుచున్న పార్టి ముచ్చటగా నేడు
ఒక్క యోటు లేక యొడ్డు చేరె

లెక్కల మాస్టారు:
అబ్బ! ఒడ్డు చేరింది మనిషి కాదు, పార్టీ. మునగడం, ఒడ్డు చేరడం, పోలిక చివరిదాకా నిలిచింది. "పార్టి" అని కుదించడం ఒక్కటే పంటికింద రాయి.

రిటైరైన గుమాస్తా:
దీర్ఘం ఉంచితే గణం పోతుంది సార్. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినప్పుడు ఇక గోడలు దూకరనుకున్నాం. మూడో వంతు మంది చీలితే ఫర్వాలేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. మూడింట రెండొంతుల మందితో విలీనం అనే తలుపు మాత్రం తెరిచే ఉంది. నేను నొక్కిన గుర్తు ఒకటి, అసెంబ్లీలో కూర్చున్న గుర్తు ఇంకొకటి. నా ఓటు ఎక్కడికి పోయిందో అడగడానికి కౌంటర్ లేదు.

కాలేజీ కుర్రాడు:
పదియు మూడు నెలలు పాలించి సర్కారు
లెక్కపెట్టువేళ లెక్క తప్పి
నడుమ నీటినుండి నావను వెనుతిప్పి
ఒక్క యోటు లేక యొడ్డు చేరె

నిర్వాహకుడు:
ఇది నేను ఊహించని విరుపు. "ఓటే లేక" కాదు, "ఒక్క ఓటు తక్కువై". 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో 269–270తో కేంద్ర సర్కారు విశ్వాస తీర్మానం వీగిపోయిన ముచ్చట. చేరింది బయల్దేరిన ఒడ్డుకే! నువ్వప్పటికి పుట్టి ఉండవు, ఎలా తట్టింది బాబూ?

కాలేజీ కుర్రాడు:
పోటీ పరీక్షల బిట్లు సార్.

డాక్టరమ్మ:
చోరు డొకడు పక్క జూదరి యొక్కడు
ఎవరి కిత్తు ననుచు నేడ్చి యేడ్చి
జాబితాన పేరు జారిన పెద్దాయ
ఒక్క యోటు లేక యొడ్డు చేరె

రిటైరైన గుమాస్తా:
చో–జూ యతి చక్కగా పడింది. భావంతోనే పేచీ. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో నేరాల కింద ఉండేవి చాలావరకు పెండింగ్ కేసులు. కేసు ఉన్నంతమాత్రాన చోరుడంటే ఎలా? పైగా 2013 నుంచి నోటా ఉంది కదమ్మా, ఏడవడమెందుకు?

డాక్టరమ్మ:
నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాతి స్థానంలో ఉన్నవాడే ఎమ్మెల్యే అవుతాడు కదండీ. అది ఏడుపే, కాకపోతే మీట నొక్కి ఏడవడం.

పల్లెటూరి కోడలు:
నిలబడి చూపించినవాళ్లూ ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి 1996లో నల్గొండ లోక్‌సభకు వందల మంది పోటీ చేశారు, మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది.

నిర్వాహకుడు:
పేచీ బాగుంది గానీ, నాకు ఈ పద్యంలో నచ్చింది పెద్దాయన నిట్టూర్పు. పేరు లేకపోవడమే గండం గడవడం! ఊహేనా డాక్టరమ్మా?

డాక్టరమ్మ:
మా నాన్నగారే. తెల్లారకముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డు జేబులో పెట్టుకుని వరసలో నిలబడ్డారు. పేరు తొలగించారన్నారు. తిరిగొచ్చి, సిరా లేని వేలు చూపించి నవ్వారు. పద్యం చదివి వినిపిస్తే, "జారిన కాదు, తీసిన అని రాయి" అన్నారు. యతి చెడుతుంది నాన్నా అన్నాను. "ఓటే పోయింది, యతి పోతే ఏం?" అన్నారు.