అమ్మకు రాత్రి నుంచి వాంతులు, ఏం ఇచ్చినా ఆగడం లేదు

గుంతకల్లు (అడిగినవారు), ఉదయం 5:40
అమ్మకు 58 ఏళ్లు. రాత్రి పది నుంచి వాంతులు. ఓఆర్‌ఎస్ తాపించాం, వాంతుల మాత్ర వేశాం, అదీ బయటికే వచ్చింది. లేపి నిలబెడితే కళ్లు తిరిగి కూలబడుతోంది. జ్వరం లేదు, బయటి తిండి తినలేదు. రాత్రంతా నిద్ర లేక యాష్టకొచ్చింది. ఏ మందు వేస్తే ఆగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

తాడిపత్రి, 5:52
ఎండదెబ్బ అయి ఉంటుంది అక్కా. మజ్జిగలో ఉప్పు వేసి కొంచెం కొంచెంగా తాపించండి.

ఆదోని నర్సు, 5:55
రోజూ వేసుకునే మాత్రలేవి?

గుంతకల్లు, 5:58
షుగర్‌కు, కీళ్లవాతానికి ఉన్నాయి. వాటికీ వాంతులకూ సంబంధం లేదులెండి, ఎప్పటినుంచో వాడుతున్నవే.

ఆదోని నర్సు, 5:59
పేర్లు రాయండి. ఎన్నాళ్లుగా?

గుంతకల్లు, 6:06
అట్టలు చూసి రాస్తున్నా. షుగర్‌కు మెట్‌ఫార్మిన్. కీళ్లకు ప్రెడ్నిసొలోన్ 10 ఎంజీ, ఏడు నెలలుగా. ఇది మాత్రం ఆదివారం నుంచి ఆపేశాం. ముఖం ఉబ్బింది, షుగర్ 280కి పోయింది. మా చిన్నమ్మ అవి స్టెరాయిడ్లు, ఒళ్లు పాడవుతుంది అంటే భయపడి మానిపించాం. ఈరోజు గురువారం.

ఆదోని నర్సు, 6:08
ఇంట్లో మందులు వెతకడం ఆపండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ‘ఏడు నెలలు స్టెరాయిడ్ వాడి నాలుగు రోజుల కిందట ఒక్కసారిగా ఆపాం’ అని మొదట ఆ మాటే చెప్పండి. అట్ట వెంట తీసుకెళ్లండి. గ్లూకోమీటరు ఉంటే బండి వచ్చేలోపు షుగర్ చూడండి, పడిపోయి ఉండొచ్చు.

ప్రొద్దుటూరు, 6:20
అసలు తప్పంతా అడిగినవాళ్లకల్లా స్టెరాయిడ్లు అమ్మే మందుల షాపులదే. తామరకు వాడే ట్యూబులు చూడండి. పూసిన రెండు రోజులకు దురద పోతుంది, మానగానే రెట్టింపై లేస్తుంది. లోపల ఫంగస్ హాయిగా పెరుగుతూ ఉంటుంది కాబట్టి. 2018లో ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మోకాళ్లకని పల్లెల్లో వేసే సూదులూ అంతే, అందులో ఏముందో అడిగి తెలుసుకోండి.

తాడిపత్రి, 6:31
స్టెరాయిడ్ అంటే జిమ్ పిల్లోళ్లు కండల కోసం వేసుకునేది కదా, కీళ్లకెందుకు రాస్తారు?

కడప మాస్టారు, 6:44
అవి వేరు, ఇవి వేరు. ఇవి కార్టికోస్టెరాయిడ్లు. మూత్రపిండాల మీద అధివృక్క గ్రంథులు ఉంటాయి, అవి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌కు పోలిక మందు ఇది. ఈ హార్మోన్ల మీద పరిశోధనకు, కీళ్లవాతంలో కార్టిసోన్ ప్రయోగించి చూసినందుకు 1950లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. బయటినుంచి మాత్ర వస్తుంటే గ్రంథులు పని తగ్గించేస్తాయి. కాలువ నీళ్లొస్తున్నాయని బోరు మోటారు వాడడం మానేసినట్టు. కాలువ ఉన్నట్టుండి కట్టేస్తే ఆ మోటారు వెంటనే తిరగదు. ఒంట్లో కార్టిసాల్ కరువై ఇలా వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి. అందుకే మూడు వారాలు దాటి వాడితే మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అది కూడా డాక్టరు చెప్పిన లెక్కలోనే.

ఆదోని నర్సు, 6:50
అధివృక్క అంటే ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు మాస్టారూ. అడ్రినల్ అనండి.

కడప మాస్టారు, 6:53
పాఠ్యపుస్తకంలో పిల్లలు చదివే మాటేనమ్మా అది.

తాడిపత్రి, 6:57
పేరేదైనా కానీ, షుగర్ 280 అయితే ఆపక ఏం చేస్తారు?

ఆదోని నర్సు, 7:05
ఆపరు. డాక్టరుకు చూపించి షుగర్ మందు సరిచేయించుకుంటారు. స్టెరాయిడ్ మాత్ర పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటే మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ ఎక్కువ పెరుగుతుంది. పరగడుపున చూసి బాగుందనుకోవద్దు.

గుంతకల్లు, శుక్రవారం రాత్రి 9:15
అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చాం. సోడియం తగ్గిందన్నారు. సెలైన్, హైడ్రోకార్టిసోన్ సూది (అదీ స్టెరాయిడేనట) ఇచ్చారు. ఇప్పుడు లేచి కూర్చుంది, ఇడ్లీ తిన్నది. థ్యాంక్స్ అందరికీ.

ఆదోని నర్సు, 9:20
ఎలా తగ్గించాలో వారాలవారీగా చీటీ మీద రాయించుకోండి. జ్వరమొచ్చినా, ఆపరేషన్ అన్నా ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

తాడిపత్రి, 9:41
మా నాయన ఆస్తమాకు పీల్చే మందు కూడా స్టెరాయిడే అంటున్నారు. దాన్నీ ఆపకూడదా?

ఆదోని నర్సు, 9:44
సొంతంగా ఆపొద్దు. పీల్చిన ప్రతిసారీ నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి.