ఎడారి అవతలి పుట్టిల్లు: రాకపోకలు రాజ్యాల తగాదాతో ముడిపడాలా?

చర్చ ప్రారంభించినవారు:
పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, థార్ ఎడారిలో ఉన్న ఉమర్‌కోట్, థార్‌పార్కర్ జిల్లాల సోఢా రాజపుత్రులు ఒకే వంశంవారు కావడంతో తమలో తాము వియ్యమందరు. తరతరాలుగా రాజస్థాన్, కచ్ ప్రాంతాల కుటుంబాలతో సంబంధాలు కలుపుకుంటున్నారు. అలా జైసల్మేర్, బాడ్‌మేర్ ప్రాంతాలకు కోడళ్లుగా వచ్చిన ఆడబిడ్డలకు పుట్టిల్లు పరదేశమైంది. ఈ ఎడారి సరిహద్దు దాటుతూ 2006 ఫిబ్రవరి 18న మొదలైన థార్ ఎక్స్‌ప్రెస్ రైలు 2019 ఆగస్టులో ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపిన తరువాత పంజాబ్‌లోని అట్టారీ సరిహద్దు దారి కూడా మూతపడి, వీసాలు రద్దయ్యాయి. ఇటువంటి సమయంలో ఈ కుటుంబాలకు మినహాయింపు ఉండాలా?

విశ్రాంత భద్రతా ఉద్యోగి:
ఉండకూడదని నా అభిప్రాయం. ఆ ఆడబిడ్డల బాధను నేను తక్కువ చేయడం లేదు. అయితే వీసా హక్కు కాదు. అవతలి ప్రభుత్వంపై కొంత నమ్మకం ఉన్నప్పుడే ఇచ్చే అనుమతి. ఆ నమ్మకం పోయిన రోజున ఒక వర్గానికి తలుపు తెరిస్తే, ఆ తలుపులో నుంచి ఎవరు వస్తారో ముందుగా చెప్పలేము. పైగా అది విదేశీయులు ప్రత్యేక అనుమతి లేకుండా అడుగుపెట్టకూడని సరిహద్దు ప్రాంతం.

జోధ్‌పూర్‌లో ఉంటున్న తెలుగు ఉపాధ్యాయురాలు:
అయ్యా, ముందుగా చెప్పలేమన్నారు కానీ, ఈ కుటుంబాల గురించి ప్రభుత్వానికి తెలియనిది చాలా తక్కువ. ఏయే ఊళ్లకు వెళ్లవచ్చో వీసా మీదే రాసి ఉండేది. చేరిన వెంటనే, బయలుదేరే ముందు పోలీసులకు తెలియజేయవలసి వచ్చేది. భారతీయుణ్ణి పెళ్లాడిన స్త్రీ పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఏడేళ్లు ఇక్కడ నివసించాలి. అంతకాలం దీర్ఘకాలిక వీసా మీద, అధికారుల లెక్కల్లోనే ఉంటుంది. తండ్రి మంచాన పడ్డాడని వెళితే అత్తవారింట విడిచిన పిల్లల దగ్గరకు తిరిగి రానిస్తారో లేదో అన్నదే ఆమె దిగులు.

దారి సంగతి కూడా ఆలోచించండి. రాజస్థాన్‌లోని మునాబావ్‌ను సింధ్‌లోని ఖోఖ్రాపార్‌తో కలుపుతూ, 1965 యుద్ధంలో తెగిన రైలు మార్గం 2006 వరకు తెరుచుకోలేదు. ఆ కాలంలో పక్క జిల్లాలో ఉన్న పుట్టింటికి చేరాలంటే ఉత్తరాన పంజాబ్ దాకా వెళ్లి, అట్టారీ దగ్గర సరిహద్దు దాటి, లాహోర్ నుంచి మళ్లీ సింధ్‌కు దిగవలసి వచ్చేది. ఇప్పుడు అదీ లేదు. వీసా దొరికినా దుబాయ్ వంటి మూడో దేశం మీదుగా విమానంలో వెళ్లాలి. సజ్జ చేను, నాలుగు మేకలు ఉన్న ఇంటికి ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? నిషేధం అందరికీ ఒకటే అంటున్నాము, కానీ దాని బరువు పేదవారి మీదే పడుతోంది.

ఎడారి ఇంటికి వెళ్లే వేళను నిర్ణయించేది వాన. వాన పడని సంవత్సరం థార్‌పార్కర్‌లో చాలా కుటుంబాలు పశువులను తోలుకుని సింధు కాలువల కింది పొలాలకు వలసపోతాయి. ఆరు నెలలు తిరిగి వీసా తెచ్చుకునేసరికి ఆ గుడిసె ఖాళీగా ఉండవచ్చు. 1971 యుద్ధంలో భారత సైన్యం థార్‌పార్కర్‌లోని ఛాఛరోను పట్టుకున్నప్పుడు ఇటు వచ్చి, సిమ్లా ఒప్పందం తరువాత ఆ ఊరు తిరిగి పాకిస్తాన్‌కు చేరినా ఇక్కడే స్థిరపడిన పెద్దలు కూడా ఉన్నారు. వారికి ఇంకెంత సమయం మిగిలి ఉంది? (కరాచీలోని హైదరాబాద్ కాలనీలో బంధువులున్న మన హైదరాబాదీ కుటుంబాలకు ఈ ఎడబాటు కొత్త కాదు.)

కనుక తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అనే పరిధి పెట్టి, పేర్లు ముందే పరిశీలించి, మునాబావ్ దగ్గర నిర్ణీత దినాల్లో దాటనిచ్చి, తిరిగి వచ్చే హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి.

విశ్రాంత భద్రతా ఉద్యోగి:
పేరుపేరునా పరిశీలన అంటే చావు, జబ్బు సందర్భాలకు అంగీకరిస్తాను. పెళ్లిళ్లకు మాత్రం వద్దు. అవి వాయిదా వేసుకోగలిగినవి.

తెలుగు ఉపాధ్యాయురాలు:
వంశంలో సంబంధం నిషిద్ధమైన సోఢాలకు పెళ్లే ఇరువైపులనూ కలిపేది. 2025 ఏప్రిల్‌లో రాజస్థాన్ నుంచి ఉమర్‌కోట్‌కు బయలుదేరిన వరుడు ఒకరు అట్టారీ దగ్గరే ఆగిపోయారు. వాయిదా అంటున్నారు, ఎప్పటికి? ఇంతకు ముందు మూసిన రైలు దారి తెరవడానికి 41 ఏళ్లు పట్టింది.